ఏడాది పొదుపు లక్ష్యం సగంలో ఆగినప్పుడు

మీరు రాసినదాన్ని బట్టి మీ పరిస్థితి ఇది. ఏడాది మొదట్లో ఒక మొత్తం దాచాలని నిర్ణయించుకున్నారు. మొదటి మూడు నెలలు అనుకున్నదానికంటే ఎక్కువే వేశారు. నాలుగో నెలలో వాహనం మరమ్మతు, దాని వెంటనే పంటి వైద్యం వచ్చిపడి దాచినదాంట్లోంచి కొంత తీయవలసి వచ్చింది, ఆ తరువాత రెండు నెలలు ఖాతాలో ఏమీ పడలేదు. ఇప్పుడు సంవత్సరం సగం గడిచింది, పోగైనది లక్ష్యంలో మూడో వంతుకు లోపే ఉంది. ఇక ఉత్సాహం రావడం లేదని, చివరిదాకా దాన్ని నిలబెట్టుకునే మార్గం చెప్పమని అడిగారు.

వ్యక్తుల, కుటుంబాల బడ్జెట్ల విషయంలో సలహాలిచ్చే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి, ఇదే ప్రశ్న ఏడాది మధ్యలో ఎంత తరచుగా వస్తుందో నాకు తెలుసు. నా అభిప్రాయం మొదటే చెబుతాను: పన్నెండు నెలలపాటు ఉత్సాహాన్ని నిలబెట్టే ప్రయత్నం చేయకండి. ఉత్సాహం అప్పుడప్పుడు వచ్చేదే, ఉండిపోయేది కాదు. అది ఉన్న కొద్ది రోజుల్లోనే, అది లేని నెలల్లో కూడా పని జరిగే ఏర్పాట్లు చేసిపెట్టుకోవాలి. మీ మొదటి మూడు నెలల్లో లోపించింది ఈ ఏర్పాటే. ఉన్న ఉత్సాహాన్నంతా ఎక్కువ సొమ్ము వేయడానికి వాడారు, వ్యవస్థను నిర్మించడానికి వాడలేదు.

లెక్క ఒకసారి విడమరిచి చూద్దాం. మీ లక్ష్యాన్ని 120 భాగాలు అనుకుంటే నెలకు 10 భాగాలు పడాలి. మీరు మొదటి మూడు నెలల్లో నెలకు 15 చొప్పున 45 వేసి, నాలుగో నెలలో 9 తీశారనుకుందాం. మిగిలింది 36. గడువులోగా 120 చేరాలంటే మిగిలిన ఆరు నెలల్లో నెలకు 14 భాగాలు పడాలి, అంటే మొదట వేసుకున్న అంచనాకంటే 40 శాతం ఎక్కువ. మొదట్లో 15 వేయగలిగాను కదా, 14 ఎందుకు వేయలేను అనిపించడం సహజం. అయితే ఆ 15 మీ అసలు శక్తికి కొలమానం కాదు. ఆ మూడు నెలల్లో వాయిదా వేసిన కొనుగోళ్లు, చేయించని మరమ్మతులు, వెళ్లని వైద్యం అన్నీ కలిసి నాలుగో నెలలో బిల్లు రూపంలో వచ్చాయేమో పరిశీలించండి. నేను చూసిన చాలా బడ్జెట్లలో తొలి నెలల మితిమీరిన పొదుపుకూ మధ్య నెలల కుంగుబాటుకూ ఇలాంటి సంబంధమే కనబడింది.

ఇక్కడే అసలు లోపం ఉంది కాబట్టి దీనిమీద కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మన బడ్జెట్లు సాధారణంగా నెలనెలా వచ్చే ఖర్చులను మాత్రమే లెక్కిస్తాయి. అద్దె, సరుకులు, ప్రయాణం, ఫోన్, వాయిదాలు రాసుకుని, ఆదాయంలోంచి వాటిని తీసివేస్తే మిగిలేదంతా పొదుపు చేయదగినదని అనుకుంటాము. ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే వచ్చే ఖర్చులు, అంటే బీమా చెల్లింపు, వాహనం సర్వీసు, పాడైన ఇంటి సామాను, బంధువుల ఇంటికి చేయవలసిన ప్రయాణం, వైద్యం, ఏ నెల జాబితాలోనూ ఉండవు. అబిగైల్ సస్మన్, ఆడమ్ ఆల్టర్ అనే పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో తేల్చినది కూడా ఇదే: మనుషులు మామూలు ఖర్చులను బాగానే అంచనా వేస్తారు కాని, అరుదైన ఖర్చులను తక్కువగా లెక్కిస్తారు. ప్రతి అరుదైన ఖర్చునూ అది ఈ ఒక్కసారికే అని విడిగా చూడడం వల్ల, అటువంటివి ఏడాది పొడవునా ఒకదాని తరువాత ఒకటి వస్తూనే ఉంటాయన్న సంగతి మరుగున పడుతుంది. వాహనం మరమ్మతు మీకు అనుకోని ఖర్చుగా తోచింది. అది ఏ తేదీన వస్తుందో తెలియకపోవచ్చు గాని, వాహనం ఉన్నవారికి ఏడాదిలో ఏదో ఒకప్పుడు వస్తుందన్నది తెలిసిన విషయమే.

అందువల్ల మీరు మొట్టమొదట చేయవలసిన పని గత పన్నెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకుని, నెలనెలా రాని ఖర్చులన్నిటినీ ఒక కాగితం మీద రాసి కూడడం. ఆ మొత్తాన్ని 12తో భాగించగా వచ్చినది మీ నెలవారీ ఖర్చులో భాగమే, దానికి విడిగా ఒక ఖాతా ఉండాలి. మీ ఉదాహరణలో ఆరు నెలలకు 9 భాగాలు అలా పోయాయి కాబట్టి నెలకు 1.5 భాగం అటు పక్కకు వెళ్లాలి. అప్పుడు నెలకు 10 దాచగల మనిషికి లక్ష్యం వైపు నిజంగా మిగిలేది 8.5 మాత్రమే. ఈ సంఖ్య నిరుత్సాహం కలిగించేలా కనిపించినా, ప్రతి మరమ్మతుకూ లక్ష్యపు సొమ్ము మీద చేయి వేయవలసిన అవసరాన్ని ఇదే తప్పిస్తుంది. పొదుపు ఖాతాలోంచి తీసిన ప్రతిసారీ కలిగే ఓటమి భావన, తీసిన సొమ్ముకంటే ఎక్కువ నష్టం చేస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. (ఉద్యోగం పోవడం, పెద్ద జబ్బు వంటివాటికి ఉంచే అత్యవసర నిధి వేరు. అది ఇంకా లేకపోతే ఈ ఏడాది లక్ష్యం అదే కావడం మంచిది.)

అధిక వడ్డీ అప్పు, ముఖ్యంగా క్రెడిట్ కార్డు బాకీ, నెత్తిమీద ఉంటే దాని సంగతి ముందు చూడాలి. పొదుపు మీద వచ్చే వడ్డీకంటే అప్పు మీద కట్టే వడ్డీ ఎక్కువైనప్పుడు, కొద్దిపాటి అత్యవసర నిధి ఉంచుకుని మిగిలినదాన్ని బాకీకి జమచేయడమే లాభం, దాన్నే ఏడాది లక్ష్యంలో భాగంగా లెక్కించుకోవచ్చు.

ఇప్పుడు ఏర్పాట్ల విషయానికి వస్తాను. ఒక ఏడాది తరువాత చేతికి వచ్చే ప్రయోజనం, ఈ సాయంత్రం చేతికి అందే సుఖం ముందు చిన్నదిగా కనబడడం మనసు స్వభావం. ఆర్థికవేత్త డేవిడ్ లైబ్సన్ 1997లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో దీనికి ఒక గణిత రూపం ఇచ్చాడు. దూరపు తేదీలకు సంబంధించి ఓపికగా నిర్ణయాలు తీసుకోగలిగిన మనిషే, ఆ తేదీ దగ్గరికి వచ్చి నేడుగా మారినప్పుడు తొందరపడతాడు. వచ్చే నెల నుంచి దాస్తాను అని మనస్ఫూర్తిగా అనుకునేవాడు, వచ్చే నెల రాగానే మళ్లీ అదే మాట అనడంలో అబద్ధం లేదు. రెండుసార్లూ అతడు నిజమే అనుకుంటాడు. కాబట్టి ప్రతి నెలా నిర్ణయం తీసుకునే అవసరమే లేకుండా చేసుకోవాలి. ఆదాయం ఖాతాలో పడిన రోజునో, మరుసటి రోజునో నిర్ణీత మొత్తం తనంతట తాను వేరే ఖాతాకు వెళ్లేలా బ్యాంకులో ఆదేశం పెట్టండి. ఖర్చులు పోగా మిగిలినది నెలాఖరున వేద్దామనుకుంటే, నెలాఖరుకు మిగలదు.

ఇటువంటి ఏర్పాటు ఎంత పని చేస్తుందో చూపించే ప్రసిద్ధ ఉదాహరణ 2001లో బ్రిజిట్ మాడ్రియన్, డెన్నిస్ షియా ప్రచురించిన అధ్యయనం. అమెరికాలోని ఒక పెద్ద సంస్థ తన కొత్త ఉద్యోగులను ఉద్యోగ విరమణ పొదుపు పథకంలో తనంతట తానే చేర్చి, వద్దనుకున్నవారు బయటికి వెళ్లవచ్చునని మార్చింది. ఆ మార్పు తరువాత ఉద్యోగంలో చేరినవారిలో 86 శాతం మంది పథకంలో ఉన్నారు. దానికి కొద్దికాలం ముందు చేరి, పాత పద్ధతి ప్రకారం తామే దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చినవారిలో ఆ సంఖ్య 49 శాతమే. రెండు వర్గాల మధ్య ఉత్సాహంలో తేడా ఏమీ లేదు, తేడా అంతా ఏర్పాటులోనే. అయితే ఇదే అధ్యయనంలో మరో సంగతి ఉంది, దాన్ని సాధారణంగా ఎవరూ చెప్పరు: చేరినవారిలో చాలామంది సంస్థ మొదట నిర్ణయించిన, జీతంలో 3 శాతం దగ్గరే ఉండిపోయారు. ఆటోమేటిక్ బదిలీ మనల్ని నిలబెడుతుంది గాని ముందుకు నడపదు. అందుకని బదిలీ మొత్తాన్ని పెంచే తేదీని కూడా ముందే నిర్ణయించి పెట్టుకోవాలి.

ఆ పెంపును ఎప్పుడు చేయాలన్నదానికి రిచర్డ్ థేలర్, శ్లోమో బెనార్ట్జి అనే ఆర్థికవేత్తలు 2004లో ప్రచురించిన పథకం మంచి మార్గం చూపింది. జీతం పెరిగినప్పుడల్లా పొదుపు శాతం కూడా పెరగడానికి ఉద్యోగులు ముందుగానే ఒప్పుకోవడం ఇందులోని కీలకం. చేతికి వచ్చే జీతం ఎప్పుడూ తగ్గదు కాబట్టి, పోగొట్టుకున్నామన్న బాధ ఉండదు. వాళ్లు మొదట అమలు చేసిన సంస్థలో ఈ పథకంలో చేరినవారి సగటు పొదుపు రేటు 40 నెలల్లో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి పెరిగింది. మీ సంస్థలో అటువంటి పథకం లేకపోయినా ఇదే పని మీరు స్వయంగా చేసుకోవచ్చు. జీతం పెరిగితే పెరిగినదాంట్లో సగం, బోనస్ వస్తే ఇన్ని వంతులు, పాత వాయిదా ఏదైనా తీరిపోతే ఆ వాయిదా మొత్తం పొదుపుకు వెళ్లాలని, ఆ సొమ్ము చేతికి రాకముందే రాసిపెట్టుకోండి. ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను అని ముందే కట్టుదిట్టంగా రాసుకున్న సంకల్పం, ఉత్త సంకల్పంకంటే ఎక్కువగా నెరవేరుతుందని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వవేత్త పరిశోధనలు చెబుతాయి. సొమ్ము వచ్చాక ఆలోచిస్తే, దానికి అప్పటికే పది అవసరాలు సిద్ధంగా ఉంటాయి.

ఆదాయం నెలనెలా ఒకేలా రానివారికి స్థిరమైన మొత్తం సరిపడదు. అటువంటివారు ప్రతి రాబడిలోనూ ఒక శాతాన్ని, అది చేతికొచ్చిన రోజే పక్కన పెట్టే పద్ధతి పాటించాలి. మంచి నెలలో ఎక్కువ, సన్న నెలలో తక్కువ పడుతుంది, కాని పడని నెల ఉండదు.

మధ్యలో నీరసం ఎందుకు వస్తుందన్నది మీరు ప్రత్యేకంగా అడిగారు. గమ్యం దగ్గరపడేకొద్దీ ప్రయత్నం వేగం పుంజుకుంటుందని క్లార్క్ హల్ అనే మనస్తత్వవేత్త 1930లలోనే ఎలుకల మీద ప్రయోగాలతో గుర్తించాడు. మనుషుల విషయంలోనూ ఇది కనబడుతుంది, కాని దానికి మరో పక్క కూడా ఉంది. బయలుదేరిన చోటు నుంచి ఎంత వచ్చామో చూసుకోవడం మొదట్లో తృప్తినిస్తుంది, చేరవలసినది ఎంత మిగిలిందో చూసుకోవడం చివర్లో ఊపునిస్తుంది, మధ్యలో మాత్రం రెండు చివరలూ దూరంగానే ఉంటాయి. పైగా 120లో మొదటి 10 భాగాలు సున్నాను 10 చేస్తాయి. ఆరో నెలలో అదే 10 భాగాలు 50ని 60 చేస్తాయి. శ్రమ ఒక్కటే అయినా కంటికి ఆనే మార్పు చిన్నదవుతుంది. దీనికి విరుగుడు సంకల్పబలం కాదు, మధ్యభాగాన్నే లేకుండా చేయడం. ఏడాదిని మూడేసి నెలల నాలుగు ముక్కలుగా విడదీసి, ప్రతి ముక్కకూ సొంత లక్ష్యం, సొంత లెక్క పెట్టుకుంటే, ఏ రోజు చూసినా మీరు ఒక ప్రారంభానికో ఒక ముగింపుకో దగ్గరగా ఉంటారు. ప్రతి ముక్కనూ మళ్లీ సున్నా నుంచి లెక్కించండి, ఏడాది మొత్తాన్ని మూడు నెలలకు ఒకసారి మాత్రమే చూడండి. రోజూ యాప్ తెరిచి నిల్వ చూసుకోవడం వల్ల ఉపయోగం లేదు, ఎందుకంటే రోజుకు మారేది ఏమీ ఉండదు.

ఇంతవరకు పోగైన 36 భాగాలను మీరు ఎలా చూస్తున్నారన్నది కూడా ముఖ్యం. జోసెఫ్ నూనెస్, షావియర్ డ్రెజ్ 2006లో ప్రచురించిన ఒక ప్రయోగంలో కార్లు కడిగే దుకాణం ఖాతాదారులకు రెండు రకాల కార్డులు ఇచ్చారు. ఒకదానిమీద ఎనిమిది ముద్రలు పడితే ఒకసారి ఉచితం. రెండోదానిమీద పది ముద్రలు కావాలి, కాని రెండు ముందే వేసి ఇచ్చారు. రెండు కార్డుల్లోనూ పడవలసినవి ఎనిమిదే. మొదటి కార్డును పూర్తిచేసినవారు 19 శాతం, రెండోదాన్ని పూర్తిచేసినవారు 34 శాతం. మీరిప్పుడు 60 ఉండవలసిన చోట 36 మాత్రమే ఉన్నాయని చూస్తున్నారు. ద్వితీయార్ధాన్ని 36 ముందే వేసి ఉన్న కార్డుగా చూడడంలో మోసమేమీ లేదు, ఎందుకంటే ఆ సొమ్ము నిజంగానే ఉంది.

లక్ష్యాన్ని తగ్గించుకోవచ్చా అన్నదానికి నా సమాధానం స్పష్టంగా అవును, ఒక షరతుతో. నెలకు 8.5 చొప్పున ఆరు నెలలకు 51, ఇప్పటికి ఉన్నది 36, మొత్తం 87. నెలకు 14 వేస్తానని ప్రకటించి ఎనిమిదో నెలలో మళ్లీ మానేయడంకంటే 87 అని రాసుకుని 87 చేరడం మేలు. షరతు ఏమిటంటే, లక్ష్యం మార్చడానికి ముందే నిర్ణయించిన తేదీలు మాత్రమే ఉండాలి, ఉదాహరణకు ప్రతి మూడు నెలల ముక్క ముగిసిన రోజు. ఏదో కొనాలని మనసు లాగుతున్న సాయంత్రం లక్ష్యాన్ని సవరించే హక్కు మీకు మీరు ఇచ్చుకోకూడదు. ఏడాది సగం గడిచిన ఈ సమయం అటువంటి సవరణకు తగినదే. కొత్త వారం, కొత్త నెల, పుట్టినరోజు వంటి సందర్భాల తరువాత మనుషులు లక్ష్యాల వైపు ఎక్కువగా మొగ్గు చూపుతారని హెంగ్‌చెన్ డాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో చూపారు.

తప్పిన నెల గురించి ఒక నియమం అవసరం. ఆహార నియమాలు పాటించేవారి మీద పరిశోధించిన జానెట్ పొలీవీ, పీటర్ హెర్మన్ ఒక విషయం గమనించారు: నియమం ఒకసారి తప్పిందని అనుకున్నవారు, ఎలాగూ చెడింది కదా అని ఆ రోజుకు పూర్తిగా వదిలేస్తారు. పొదుపులోనూ నేను చూసేది అదే. మొదటి తప్పిదం చిన్నదే, దాని తరువాత వదిలేసిన నెలలే పెద్దవి. మీ విషయంలోనే చూడండి, తీసినది 9 భాగాలు, మానేసిన రెండు నెలలు 20 భాగాలు. కాబట్టి నియమం ఇలా ఉండాలి: ఒక నెల తప్పితే మరుసటి నెల మామూలు మొత్తమే వేయాలి, రెట్టింపు వేయకూడదు. రెట్టింపు వేయాలనుకున్నవారు ఆ భారానికి భయపడి రెండో నెల కూడా ఎగవేస్తారు. పూర్తి మొత్తం కుదరని నెలలో పదో వంతైనా వెళ్లాలి. బదిలీ ఆదేశాన్ని తగ్గించవచ్చు, రద్దు చేయకూడదు.

సొమ్మును సులభంగా తీయలేని చోట పెట్టడం గురించి మీరు సందేహం వెలిబుచ్చారు. ఫిలిప్పీన్స్‌లో ఒక గ్రామీణ బ్యాంకుతో కలిసి నవా అష్రాఫ్, డీన్ కార్లన్, వెస్లీ యిన్ చేసిన ప్రయోగం 2006లో ప్రచురితమైంది. తాము పెట్టుకున్న తేదీ గాని మొత్తం గాని చేరేదాకా సొమ్ము తీయడానికి వీలులేని ఖాతాను కొందరికి ఇవ్వజూపారు, అదనపు వడ్డీ ఏమీ లేదు. 28 శాతం మంది ఒప్పుకున్నారు. ఏడాది తరువాత చూస్తే, ఆ ఖాతా ఇవ్వజూపిన మొత్తం వర్గంలో సగటు పొదుపు, ఇవ్వజూపనివారితో పోలిస్తే 81 శాతం పాయింట్లు (అంటే రెండు వర్గాల పెరుగుదల శాతాల మధ్య తేడా 81) ఎక్కువగా పెరిగింది. అంటే తాళం కొందరికి నిజంగానే సాయం చేస్తుంది, కాని అందరూ దాన్ని కోరుకోరు. నా సలహా ఏమిటంటే, అరుదైన ఖర్చుల ఖాతా, అత్యవసర నిధి అందుబాటులో ఉండేలా చూసుకుని, లక్ష్యపు సొమ్ముకు మాత్రమే తాళం వేయండి. కనీసం దాన్ని రోజువారీ ఖర్చుల యాప్‌లో కనబడని వేరే బ్యాంకులోనైనా ఉంచండి. ఆ ఖాతాకు దేనికోసం దాస్తున్నారో ఆ పేరే పెట్టండి. బొలీవియా, పెరూ, ఫిలిప్పీన్స్ దేశాల్లో జరిగిన ప్రయోగాల్లో ఖాతాదారులకు పంపిన గుర్తుచేసే సందేశాలు పొదుపును పెంచాయి, ఆ సందేశంలో వారి సొంత లక్ష్యాన్నీ, దాచినందుకు దొరికే ఆర్థిక ప్రోత్సాహకాన్నీ కలిపి ప్రస్తావించినప్పుడు ఫలితం మరింత బాగుంది.

ఇంట్లో ఖర్చులు పంచుకునేవారు ఉంటే, ఈ లెక్కలన్నీ వారితో కూర్చుని చేయాలి, చేసి వారికి వినిపించకూడదు. తాను ఒప్పుకోని లక్ష్యాన్ని ఎవరూ కాపాడరు. స్నేహితులకు, పరిచయస్తులకు ప్రకటించడం వల్ల పెద్ద మేలు జరగడం నేను చూడలేదు. ప్రకటించినందుకే కొంత సాధించిన తృప్తి కలుగుతుంది. నెలకొకసారి లెక్క అడిగే ఒక్క మనిషి ఉంటే చాలు.

వినోదాలన్నీ మానుకోవాలనుకోవడం కూడా పొరపాటే. ఖర్చుపెట్టడానికే కేటాయించిన, ఎవరికీ లెక్క చెప్పనవసరం లేని ఒక చిన్న మొత్తం ప్రతి నెలా ఉండాలి.

ఈ వారంలో మీరు చేయవలసినవి మూడే: గత ఏడాది అరుదైన ఖర్చుల మొత్తం తేల్చడం, దానికి విడిగా ఖాతా తెరవడం, రెండు ఖాతాలకూ జీతం రోజున వెళ్లేలా బదిలీ ఆదేశాలు పెట్టడం. మూడు నెలల తరువాత ఒక తేదీ రాసిపెట్టుకుని, ఆ రోజు దాకా సంఖ్యలు మార్చకండి. ఏడాది చివర లక్ష్యం చేరినా, కొంత తక్కువ పడినా, బదిలీ ఆదేశాన్ని మాత్రం ఆపకండి. కొత్త లక్ష్యం ఏమిటో తేలేదాకా అది అదే మొత్తంతో నడుస్తూ ఉండనివ్వండి. దేనికోసం దాచారో దానికి సమయం వస్తే ఆ సొమ్ము నిస్సంకోచంగా ఖర్చుపెట్టండి, అది లక్ష్యం నెరవేరడమే అవుతుంది గాని పొదుపు తగ్గడం కాదు.